1600 మీటర్లకు క్రియాటిన్ పనికొస్తుందా?

కనిగిరి_రన్నర్: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి, నాకు 8:20 పడుతోంది. మూడు రౌండ్లు బాగానే ఉంటాయి, నాలుగో రౌండ్‌లో కాళ్లు రాళ్లయిపోతున్నాయి. జిమ్ అన్న కండబలానికని క్రియాటిన్ పొడి డబ్బా ఇచ్చాడు, 900 తీసుకున్నాడు. వాడొచ్చా?

డ్రిల్లు_మాస్టారు: వద్దు నాయనా. మా వీధిలో ఒకతను ఈ పొడి తాగాడు. రెండు నెలలకు రక్తపరీక్షలో, కిడ్నీలు ఎట్టా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ 1.5కి పెరిగింది. ఉలవలు ఉడకేసుకుని తిను. బండలాగుడు గిత్తలకు ఏం పెడతారు? డబ్బా పొడి పెడతారా?

ముత్తుకూరు_బుజ్జి: గిత్తకు ఈవెంట్స్ పెట్టరు కదా మాస్టారూ 😀

పెన్నాగట్టు: క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు. మొదటిది మన కండలోనే ఉంటుంది, మాంసం, చేపల్లోనూ ఉంటుంది. అది విరిగితే వచ్చే వ్యర్థమే రెండోది. పొడి తాగినవాడికి, కండ ఎక్కువున్నవాడికి ఆ అంకె కాస్త పెరుగుతుంది. అంతమాత్రాన కిడ్నీ చెడినట్టు కాదు. అనుమానముంటే సిస్టాటిన్ సి అనే ఇంకో కిడ్నీ పరీక్ష చేయించుకోవచ్చు, దానికి కండతో పెద్దగా సంబంధం లేదు. క్రియాటిన్ క్రీడల్లో డోపింగ్‌ను అడ్డుకునే ప్రపంచ సంస్థ ‘వాడా’ నిషేధ జాబితాలో కూడా లేదు.

డ్రిల్లు_మాస్టారు: 1.5 అంటే 1.5. మనిషికో లెక్క ఉంటుందా?

పెన్నాగట్టు: ఉంటుంది. సరే, తమ్ముడు అడిగినదానికి వస్తా. కండ బిగుసుకోవాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. నిల్వ ఉన్నది రెండు మూడు సెకన్లకే అయిపోతుంది. దాన్ని వెంటనే మళ్లీ నింపేది క్రియాటిన్ ఫాస్ఫేట్, అదీ పది సెకన్ల పాటే. అందుకే 100 మీటర్లకు, లాంగ్‌జంప్‌కు, బరువులెత్తడానికి పనికొస్తుంది. 8 నిమిషాల పరుగు నడిచేది దాదాపు అంతా ఆక్సిజన్ మీదే. పైగా కండలోకి నీళ్లు లాగి కిలో, రెండు కిలోలు పెంచుతుంది. ఆ బరువు మోసుకుంటూ నాలుగు రౌండ్లు కొట్టాలి.

అల్లూరు_అబ్బాయి: అంటే వద్దనేగా? మరి ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు?

పెన్నాగట్టు: 1600కి వద్దు. విషం అనడం మాత్రం తప్పు.

డ్రిల్లు_మాస్టారు: విషం అని నేనెక్కడన్నా? మంచి తిండి తింటే ఈ డబ్బాలెందుకు అంటున్నా. ముప్పై ఏళ్లు గ్రౌండులో ఉన్నా. జొన్నన్నం, గుడ్లు, పాలతో స్టేట్ మీట్‌కు పంపించా పిల్లల్ని.

పెన్నాగట్టు: మా మాస్టారు కూడా అదే చెప్పేవారు. రోజూ రెండు గుడ్లు, అరలీటరు పాలు అని. మా నాన్న రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండేవాడు. నెలాఖరుకు గుడ్డు కూరే పండగ మాకు. ‘‘తిండి సరిగ్గా తినవురా’’ అని అందరి ముందు లైన్లోంచి పక్కకు నిలబెట్టారు నన్ను. పొడిగా రోజూ వేసుకునే 3 గ్రాముల క్రియాటిన్ తిండిలోంచే రావాలంటే అరకిలోకు పైగా మాంసం తినాలి, అదీ రోజూ. అదే పొడి అయితే రోజుకు పదకొండు రూపాయలు. ‘‘మంచి తిండి’’ అనేది కూడా డబ్బున్నవాళ్ల మాటే మాస్టారూ.

ముత్తుకూరు_బుజ్జి: ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు లేని డబ్బా మాత్రం కొనొద్దు ఎవరూ.

డ్రిల్లు_మాస్టారు: నిన్ను నిలబెట్టింది నేను కాదు. ఆ కోపం నా మీద చూపిస్తే ఎట్టా? మా తమ్ముడు వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. మాదీ కనిగిరి వైపే, బోరు నీళ్లే తాగి పెరిగాం. ఫ్లోరైడ్ సంగతి అక్కడ పళ్లు చూస్తేనే తెలుస్తుంది. వాడికి కాళ్లు వాచేదాకా మాకెవరికీ తెలియలేదు. నువ్వు చెప్పేదంతా కిడ్నీలు బాగున్నవాడికి. ఈ అబ్బాయికి ఎట్టా ఉన్నాయో నీకు తెలుసా?

పెన్నాగట్టు: తెలియదు. ముందు అది అడగాల్సింది, ఒప్పుకుంటా. తమ్ముడూ, ఎప్పుడన్నా పరీక్ష చేయించావా? వేరే మందులేమన్నా వాడుతున్నావా?

కనిగిరి_రన్నర్: పరీక్ష ఎప్పుడూ చేయించలేదన్నా. మోకాలి కింద ఎముక నొప్పి, అందుకని పొద్దున్నే ఒక నొప్పి బిళ్ల వేసుకుని గ్రౌండుకు వెళ్తున్నా. నీళ్లు తాగితే కడుపు పట్టేస్తుందని పరిగెత్తేదాకా తాగను.

డ్రిల్లు_మాస్టారు: రోజూనా?

కనిగిరి_రన్నర్: నెల నుంచి.

పెన్నాగట్టు: ఒరే, ముందు అది ఆపు. నీళ్లు తాగకుండా నొప్పి బిళ్ల వేసుకుని ఎండలో పరిగెత్తితే దెబ్బతినేది కిడ్నీలే. డాక్టర్‌కు చూపించి రక్తం, మూత్రం పరీక్ష చేయించు.

డ్రిల్లు_మాస్టారు: ఆ నొప్పి తగ్గేదాకా తారు రోడ్డు మీద పరుగు వద్దు. తగ్గాక 400 మీటర్లు రెండు నిమిషాల్లోపు కొట్టి, రెండు నిమిషాలు నడువు. అట్టా ఆరుసార్లు, వారానికి రెండు రోజులు. నీ కాళ్లు రాళ్లవుతున్నది మొదటి రౌండు ఉరికి కొట్టడం వల్ల. మొదటి రౌండు ఎంతలో కొడుతున్నావు?

కనిగిరి_రన్నర్: 1:38 సార్.

డ్రిల్లు_మాస్టారు: ఇంకేం మరి.

కనిగిరి_రన్నర్: సరే సార్. అన్నా, డబ్బా మూత తీశాను, లోపల సీలు సగమే చించాను. జిమ్ అన్న వాపస్ తీసుకుంటాడంటారా?