బాబు దవడకి డిస్ట్రాక్టర్: స్క్రూ ఇంట్లో మేమే తిప్పాలట

ఉప్పల్ అమ్మ:
మా బాబుకి 8 ఏళ్లు. మూడేళ్లప్పుడు మెట్ల మీంచి పడి గడ్డానికి కుట్లు పడ్డాయి. మానింది, మర్చిపోయాం. చెవి దగ్గర దవడ కీలు అతుక్కుపోయిందని ఇప్పుడు తెలిసింది. నోట్లో చెంచా కూడా కష్టంగా పడుతుంది. గడ్డం వెనక్కి పోయింది, రాత్రంతా గురక, మధ్యలో ఊపిరాగినట్టై లేచి కూర్చుంటాడు. ముందు దవడ ఎముక కోసి, డిస్ట్రాక్టర్ అనే స్క్రూ పరికరం బిగించి, రోజూ కొంచెం సాగదీస్తారట, కీలు తర్వాత విడదీస్తారట. ఎముక సాగడమేంటండీ?

నాచారం కుర్రాడు:
కాళ్లకి రింగులేసి పొడుగు చేస్తారు చూడండి, ఇలిజరోవ్ పద్ధతి, అదే ఇది. మనుషుల కింది దవడకి చేసినట్టు అమెరికాలో మెకార్థీ బృందం 1992లో రాసింది. కొత్త ప్రయోగమేం కాదు.

చంపాపేట నాన్న:
అక్కా, పోయినేడు మా పాపకి ఆ స్క్రూ నేనే తిప్పాను. వాళ్లమ్మ ఆ టైముకి వంటింట్లోకి పోయేది.

ఎముక రబ్బరులా సాగదు. కోసిన చోట కొత్తది మెత్తగా పుట్టడానికి ఐదారు రోజులు ఆగుతారు. తర్వాత రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. మాకు పొద్దున అర, రాత్రి అర. తొందరపడితే మధ్యలో ఎముక పట్టదు, ఆలస్యమైతే ముందే గట్టిపడి స్క్రూ కదలదు. ఒకసారి నైట్ డ్యూటీ నుంచి వచ్చి, పొద్దుటిది తిప్పానో లేదో గుర్తురాక చెమటలు పట్టాయి. ఫోన్ చేస్తే "అనుమానంగా ఉంటే ముట్టుకోకండి, పాపని తీసుకురండి" అన్నారు డాక్టరు. ఆ రోజు నుంచి గోడ క్యాలెండర్‌లో తిథి పక్కనే గీతలు: పొద్దున నీలం, రాత్రి ఎరుపు. ఎటు తిప్పాలో డిశ్చార్జికి ముందే డాక్టరు ఎదుట మీ చేత్తో తిప్పి చూపించండి.

తిప్పింది 14 రోజులే. ఎముక గట్టిపడేదాకా ఇంకో మూడు నెలలు పరికరం లోపలే, తీయడానికి మళ్లీ ఆపరేషన్. అదీ కష్టం. రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. చెవి కింద బయటికొచ్చిన రాడ్డు చూసి బడిలో "యాంటెన్నా" అన్నారు. రెండ్రోజులు ఏడ్చి, మూడోరోజు తనే సిగ్నల్ వస్తోందని చెప్పడం మొదలుపెట్టింది.

ఉప్పల్ అమ్మ:
గురక ఎప్పుడు తగ్గిందన్నా?

చంపాపేట నాన్న:
తొమ్మిదో రోజనుకుంటా. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే భయమేసి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాం. అన్నట్టు, కీలు విడదీశాక నోరు తెరిచే వ్యాయామం ఎంత ఏడ్చినా మానిపించకండి, మళ్లీ అతుక్కుంటుంది. మేం పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒక్కోటి పెంచుతూ పెట్టించాం.