మూన్‌షైన్ మన నాటు సారాకు అమెరికా చుట్టమా? చూసినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి

షార్లెట్ శీను
మా నాన్న ఎక్సైజ్‌లో కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా రిటైరయ్యారు. సర్వీసంతా సారా బట్టీల మీద దాడులే. "బెల్లం ఊట ధ్వంసం" అని జిల్లా పేపర్లో పడే ఫోటోల్లో చివరన కర్ర పట్టుకుని నిలబడే మనిషి చాలాసార్లు ఆయనే. వచ్చే నెల అమ్మా నాన్నా ఇక్కడికి వస్తున్నారు. టెన్నెసీలో స్మోకీ మౌంటెన్స్ ట్రిప్ ప్లాన్ చేశాం. గాట్లిన్‌బర్గ్‌లో బట్టీ మెయిన్ రోడ్డు మీదే పెట్టి జనానికి రుచి చూపిస్తారని ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "లైసెన్సు ఎవడిచ్చాడు?" అన్నారు.

ఈ మూన్‌షైన్ కథ ఏంటండీ? నాకు మౌంటెన్ డ్యూ తాగడం తప్ప ఇంకేం తెలీదు.

నాక్స్‌విల్ నర్సాపురం
శీను గారూ, మీకు సగం కథ తెలిసినట్టే. "మౌంటెన్ డ్యూ" అంటే ఈ కొండల్లో దొంగసారాకు ముద్దుపేరు. 1940ల్లో మా నాక్స్‌విల్‌లో హార్ట్‌మన్ అన్నదమ్ములు విస్కీలో కలుపుకోడానికి ఓ సోడా తయారుచేసి దానికి ఆ పేరు పెట్టారు. పాత సీసాల మీద కొండవాడి బొమ్మ కూడా ఉండేది. ఇప్పుడు దాన్నే మన పిల్లలు బర్త్‌డే పార్టీల్లో తాగుతున్నారు.

లైసెన్సు సంగతి: టెన్నెసీ 2009లో చట్టం మార్చింది, 2010లో గాట్లిన్‌బర్గ్‌లో ఓల్ స్మోకీ అనే కంపెనీ వాళ్ళు బట్టీ తెరిచారు. లోపలికి వెళ్ళగానే వాసన పట్టేస్తుంది. మన బెల్లం ఊటలా తియ్యగా ముక్కు పగిలేలా ఉండదు, మొక్కజొన్న పిండి పులిసిన వాసన. పెద్ద రాగి పాత్ర, దాని మీద టోపీలాంటి మూత, అక్కణ్ణుంచి గొట్టం ఓ చిన్న పీపాలోకి. ఆ పీపా పేరు థంప్ కెగ్. ఆవిరి లోపలికి వచ్చి తగిలినప్పుడల్లా దబ్ దబ్‌మని కొట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. తర్వాత పాములా చుట్టిన గొట్టం, దాని చుట్టూ చన్నీళ్ళు. మీ నాన్నగారికి గైడ్ అక్కర్లేదు, ఆయనే మీకు చెప్తారు.

తెల్లది 100 ప్రూఫ్, అంటే 50 శాతం. రుచి చూసేటప్పుడు యాపిల్ పై రకంతో మొదలుపెట్టండి. చెర్రీలు నానబెట్టిన జాడీ జోలికి మాత్రం పోవద్దు. పండే కదా అని మా బావగారు ఆరు తిన్నారు. ఆ సాయంత్రం గ్రూప్ ఫోటోలో ఆయన లేరు.

అట్లాంటా ఆంజనేయులు
దీన్ని తాగుడు కథగా చూస్తే సగమే అర్థమవుతుంది. ఇది పన్ను కథ. 1791లో అప్పటి ఖజానా మంత్రి హామిల్టన్ విస్కీ మీద పన్ను వేయించాడు, దేశానికి యుద్ధం అప్పులున్నాయని. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులకు ఒళ్ళు మండింది. కొండదారిలో ఒక గుర్రం నాలుగు బుషెళ్ళ (ఇక్కడి ధాన్యం కొలత) ధాన్యం మొయ్యగలదు, అదే విస్కీ చేస్తే 24 బుషెళ్ళ సరుకు మోసేది. అంటే వాళ్ళకు విస్కీ విలాసం కాదు, ధాన్యాన్ని సంతకు చేర్చే పద్ధతి. పన్ను వసూలుకు వచ్చినవాళ్ళకు తారు పూసి ఈకలంటించి పంపారు. 1794లో ప్రెసిడెంట్ వాషింగ్టన్ సుమారు 13,000 మంది సైన్యంతో తనే బయల్దేరాడు. ఇంత హడావిడి చేసి వేసిన పన్నును జెఫర్సన్ ప్రెసిడెంటయ్యాక ఎత్తేశారు.

అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1862లో మళ్ళీ వేశారు, ఇక పోలేదు. అప్పటినుంచే పన్ను కట్టకుండా రాత్రిపూట వెన్నెల్లో కాచేవాళ్ళు ఒకవైపు, "రెవెన్యూయర్లు", అంటే పన్ను అధికారులు, ఒకవైపు. మీ నాన్నగారు ఈ రెండో బ్యాచ్ అన్నమాట.

ఓరుగల్లు పిల్ల
అందరూ మస్తు ముద్దుగా చెప్తున్నారు. మా ఊళ్ళో గుడుంబా తాగి పోయినవాళ్ళను చూసినదాన్ని, నాకు ఆ జాడీలు చూస్తే నవ్వు రాదు. బెల్లంలో పటిక, యూరియా, చేతికి ఏది దొరికితే అది వేసేవాళ్ళు. మా మేనమామకు నలభై నిండకముందే చూపు మందగించింది.

ఇక్కడ మాత్రం తక్కువ జరిగిందా? ఆంజనేయులన్నా, మీ అట్లాంటాలోనే 1951లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన సారా తాగి 40 మందికి పైగా చచ్చిపోయారు. ఆవిరి చల్లార్చడానికి పాత కార్ల రేడియేటర్లు వాడేవాళ్ళు, ఆ అతుకుల్లోని సీసం సారాలోకి దిగేది. 1930లో జమైకా జింజర్ అని ఔషధం పేరుతో సీసాల్లో అమ్మిన సరుకులో ఏదో రసాయనం కలిపితే వేలమందికి కాళ్ళు పడిపోయాయి. దాన్ని "జేక్ లెగ్" అన్నారు, దాని మీద బ్లూస్ పాటలు కూడా కట్టారు. స్పూన్లో పోసి వెలిగిస్తే నీలం మంట మంచిది, ఎర్ర మంట విషం అని ఒక సామెత తిప్పుతారు. అది ఉత్త మాట. మిథనాల్‌ను ఆ మంట పట్టివ్వదు.

మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. ఆ కథకూ ఒక మ్యూజియం కట్టి టికెట్ పెడితే నేను కొంటా.

నాక్స్‌విల్ నర్సాపురం
అక్కా, మీ మాట కాదనను. ఇక్కడ కూడా నిషేధం కోసం ముందు రోడ్డెక్కింది ఆడవాళ్ళే. 1920 నుంచి 1933 దాకా నిషేధం నడిచింది, గిరాకీ పెరిగి సరుకు చెడింది. మొక్కజొన్న పోయి పంచదార వచ్చింది, తొందర వచ్చింది. వర్జీనియాలో ఫ్రాంక్లిన్ కౌంటీ అని ఉంది, దాన్ని "ప్రపంచ మూన్‌షైన్ రాజధాని" అంటారు. బట్టీకి ఇంత, లోడుకు ఇంత అని మామూళ్ళు కట్టి ఉండేవట. 1935లో పోలీసుల్నీ, కౌంటీ ప్రాసిక్యూటర్‌నీ కలిపి పెద్ద కుట్ర కేసు నడిచింది. ప్రాసిక్యూటర్ బయటపడ్డాడు. ఇదంతా చదువుతుంటే పేర్లు మార్చిన మన పేపరులాగే ఉంటుంది.

కమ్మింగ్ కుర్రాడు
కార్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇంటికి దగ్గర్లోనే డాసన్‌విల్. అక్కడ శ్మశానంలో లాయిడ్ సే అనే కుర్రాడి సమాధి ఉంది. రాయి మీద ఫోర్డ్ కూపే చెక్కారు, డ్రైవర్ కిటికీలో అతని ఫోటో. పగలు రేసులు, రాత్రి అట్లాంటాకు సారా లోడు. 1941 లేబర్ డే నాడు అట్లాంటా లేక్‌వుడ్ ట్రాక్‌లో రేసు గెలిచాడు. మర్నాడే పంచదార బాకీ గొడవలో సొంత కజిన్ కాల్చేశాడు. 21 ఏళ్ళు! నేను వెళ్ళినప్పుడు ఎవరో ఆ రాయి మీద చిల్లర నాణేలు పెట్టి ఉన్నారు.

ఇక్కడి కార్ రేసుల సంస్థ నాస్కార్ 1948లో మొదలైంది, తొలి డ్రైవర్లలో ఇలాంటివాళ్ళు చాలామంది. నార్త్ కరోలినా విల్క్స్ కౌంటీ జూనియర్ జాన్సన్ రోడ్డు మీద ఒక్కసారీ పోలీసులకు దొరకలేదు. 1956లో మాత్రం వాళ్ళ నాన్న నడిపే బట్టీ దగ్గర జూనియరే దొరికిపోయాడు, 11 నెలలు జైల్లో ఉన్నాడు. నాస్కార్‌లో 50 రేసులు గెలిచాడు. 1986లో రీగన్ క్షమాభిక్ష పెట్టాడు.

అట్లాంటా ఆంజనేయులు
జానపదం కూడా కాస్త చెప్తాను. టెన్నెసీ న్యూమన్స్ రిడ్జ్ మీద మహాలా మలిన్స్ అని ఒకావిడ 1898 దాకా బతికింది. కొండమీద గుడిసెలో కూర్చుని సారా అమ్మేది. మనిషి ఎంత భారీ అంటే, అరెస్టు చేద్దామని వెళ్ళిన అధికారులకు ఆమెను ఆ గుమ్మంలోంచి బయటికి తెచ్చే దారి కనపడలేదట. "దొరుకుతుంది గానీ తేలేం" అని పైకి రిపోర్టు ఇచ్చారని చెప్పుకుంటారు. గుడిసె ఇప్పటికీ ఉంది, కొండ కిందికి తెచ్చి పెట్టారు. ఒక్కో కథలో ఆవిడ బరువు ఒక్కోలా ఉంటుంది, చెప్పేవాడి ఉత్సాహాన్ని బట్టి.

ఇంకోటి. నిషేధం రోజుల్లో బూట్ల కింద ఆవుగిట్టల్లా చెక్కిన చెక్కలు కట్టుకుని బట్టీకి నడిచేవాళ్ళు, అడుగుజాడలు ఆవువి అనుకోవాలని. ఫోటోలు ఉన్నాయి. గుర్రానికి ఆవుగిట్టల నాడాలు వేసిన షెర్లాక్ హోమ్స్ కథలోంచి ఈ ఐడియా కొట్టేశారని అప్పటి పేపరే రాసింది. కథ చదివిన సారా దొంగ! నాకు భలే నచ్చింది.

కథల్లో, టీవీలో కొండవాళ్ళను ఎప్పుడూ చెప్పుల్లేకుండా, జగ్గు పట్టుకున్న సోమరుల్లాగే చూపించారు. నాకది చిరాకు. పాత టీవీ కామెడీ ఆండీ గ్రిఫిత్ షోలో మాత్రం ఒక ఎపిసోడ్ బావుంటుంది. ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు పూలమొక్కల గ్లాస్‌హౌస్‌లో బట్టీ పెట్టి, పండగ చేసుకునేవాళ్ళకే పోస్తారు. జనం రకరకాల పండగలు కనిపెట్టుకుని వస్తుంటారు.

హెచ్‌వన్ హరి
బ్రో, ఒక డౌట్. చిన్న రాగి బట్టీ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. బ్యాక్‌యార్డ్‌లో ఇంటికోసమే కొంచెం…

నాక్స్‌విల్ నర్సాపురం
హరీ, వద్దు నాయనా. బీరు, వైను ఇంట్లో చేసుకోవచ్చని 1978లో చట్టం వచ్చింది. స్పిరిట్‌కు మాత్రం ఫెడరల్ పర్మిట్ లేకపోతే నేరమే, అయిదేళ్ళ జైలు దాకా ఉంది. వీసా స్టాంపింగ్‌లో ఆ ప్రశ్న అడిగితే ఏం చెప్తావు?

పాప్‌కార్న్ సటన్ గురించి చదువు. పెద్ద గడ్డం, ఓవరాల్స్, తన బట్టీ గురించి తనే పుస్తకం రాసుకుని అమ్మిన మనిషి. 2008లో దాడి చేసి పట్టుకున్నారు, 18 నెలల శిక్ష పడింది. జైలుకు వెళ్ళాల్సిన రోజుకు ముందే, 2009 మార్చిలో, ప్రాణం తీసుకున్నాడు. అదే ఏడాది రాష్ట్రం చట్టం మార్చింది. మరుసటేడు ఆయన పేరుతోనే లైసెన్సు బ్రాండు వచ్చింది.

షార్లెట్ శీను
అందరికీ థాంక్స్. వెళ్ళొచ్చాం.

నాన్న జాడీ తీసుకుని ముందు మూత తిప్పి చూశారు, ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కరు ఎక్కడుందని. తర్వాత రాగి పాత్రను వేలితో కొట్టి చూశారు. అక్కడి కుర్రాడికి నేను ఆయన ఉద్యోగం గురించి చెప్తే, వాడు రెండు చేతులూ పైకెత్తి లొంగిపోయినట్టు నిలబడ్డాడు. నాన్న పడీపడీ నవ్వారు. తాగలేదు, వాసన చూసి "ఊట బాగా పండింది" అన్నారు.

కారులో పాప్‌కార్న్ సటన్ కథ చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత తనే మొదలుపెట్టారు. మన నిషేధం రోజుల్లో ఒక ఊళ్ళో దాడికి వెళ్తే మగవాళ్ళంతా పారిపోయారట. ఒకావిడ మాత్రం జ్వరంతో ఉన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని బట్టీ పక్కనే కూర్చుని ఉందట. ఊట మొత్తం పారబోశారు. ఇత్తడి బిందె మాత్రం వదిలేశారు, పంచనామాలో "పాత్రలు లభ్యం కాలేదు" అని రాశారు. ఇన్నేళ్ళలో ఈ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

ఓరుగల్లు అక్కా, మీ పోస్టు చదివి వినిపించాను. "ఆ అమ్మాయి చెప్పిందే నిజం" అన్నారు.

తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు: చేతి సంచీలో పెట్టకండి. చెకిన్‌లో 24 నుంచి 70 శాతం వరకు అయితే మనిషికి 5 లీటర్లు, 70 దాటితే అసలు ఒప్పుకోరు. మన కస్టమ్స్‌లో ఉచితం 2 లీటర్లే. మేము ఒక్క జాడీ కొన్నాం, అది ఫ్రెండ్స్ ఖాళీ చేసేశారు. అమ్మ దాన్ని వేడినీళ్ళతో కడిగి నిమ్మకాయ పెట్టింది. లేబుల్ పీకలేదు. నాన్న రోజూ "100 ప్రూఫ్" జాడీలోంచే నిమ్మకాయ ముక్క వేసుకుని పెరుగన్నం తింటున్నారు.