తాతగారి పాత గిటార్ ఎక్కడిదో, ఎంత విలువైనదో చెప్పగలరా?

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మా తాతగారు, ఊరు విడిచి వెళ్తున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర కొన్న చిన్న గిటార్ ఇప్పుడు నా దగ్గర ఉంది. దానిపై లేబుల్ గానీ ముద్ర గానీ లేదు. సౌండ్ హోల్‌లో చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూస్తే, పైచెక్క కింద ఊతంగా అతికించిన చెక్క బద్దలు నిచ్చెన మెట్లలా అడ్డంగా కనిపించాయి. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 19వ శతాబ్దం మధ్యనాటికే ఎక్స్ ఆకారంలో బద్దలు అమర్చేది కాబట్టి, ఇది వారిది కాదనీ, వాద్యాల ఎగుమతికి పేరుపొందిన జర్మనీ పట్టణం మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో తయారైనదేమోననీ అనుకుంటున్నాను. మెడ పన్నెండో మెట్టు (ఫ్రెట్, అంటే మెడపై అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గరే పెట్టెతో కలుస్తుంది. మొదటి మూడు మెట్ల మధ్య చెక్క, ఎవరివో వేళ్ల ఒరిపిడికి, నున్నగా గుంటలు పడింది. దాన్ని తాకినప్పుడల్లా ఈ వాద్యాన్ని తెలియక పాడుచేస్తానేమోనని భయం వేస్తుంది.

తీగలను పెట్టెకు పట్టి ఉంచే చెక్క ముక్క, అంటే బ్రిడ్జి, ఒక పక్క లేచి, దానికి ఎవరో ఇనుప మరలు బిగించారు. విలువ కట్టించే ముందు దీన్ని బాగుచేయించాలా, యథాతథంగా ఉంచాలా? నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది కనుక, వయసు నిర్ధారణ నాకు ధర కంటే ముఖ్యం. చెక్కను, జిగురును చూసి కాలం చెప్పగల అనుభవజ్ఞులు హైదరాబాద్‌లో గానీ కోల్‌కతాలో గానీ ఉంటే దయచేసి తెలియజేయండి.