క్లచ్ పనికి ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా విప్పాలా, గేర్‌బాక్స్‌తో కలిపి దింపాలా?

ములుగు రోడ్డు పికప్:
అన్నలూ, నాది ఫోర్ బై ఫోర్ డబుల్ క్యాబిన్, మాన్యువల్ గేర్‌బాక్స్. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు లోడ్ వేసుకొని తిరిగే బండి. ఇప్పుడు ఎత్తు వస్తే ఇంజిన్ రేస్ అవుతుంది కానీ బండి లాగదు, కాలిన వాసన కూడా. క్లచ్ ప్లేట్ అయిపోయిందని చూసిన ఇద్దరూ ఒప్పుకున్నారు, గొడవ ఆ తర్వాతే. ఆటోనగర్ మెకానిక్ ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ వెనక ఉండి ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) విప్పి తర్వాత గేర్‌బాక్స్ దింపుతా, లేబర్ ఎక్కువైతది, ఇంకో రోజు పడతది అంటున్నాడు. హనుమకొండలో ఒకాయన అదంతా పైసలు గుంజుడు, రెండూ ఒకటే ముద్దగా దింపుతా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత జీపు:
కలిపే దింపించు తమ్మీ. మంచిగున్న జాయింట్‌ను కెలకడం ఎందుకు? విప్పితే మధ్యలో ప్యాకింగ్, ఆయిల్ సీల్ కొత్తవి వేయాల్సిందే, పాతవే పెట్టి బిగిస్తే కారడం మొదలైతది. పాత మహీంద్రా జీపుల్లో అయితే గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ చివరనే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ కూర్చుంటుంది, దాని నట్ తీసి లాగేటప్పుడు షాఫ్ట్ కూడా వెనక్కి జరిగిందంటే క్లచ్ పని కాస్తా గేర్‌బాక్స్ పని అయిపోతుంది. అందుకే వాటిని కలిపే దించేవాళ్లం.

గుంతలో మనిషి:
జీపు లెక్క పికప్‌కు చెప్పకు భాయ్. ఇప్పటి పికప్‌లలో చాలావాటికి ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్ వెనక బోల్టులతో ఉంటుంది, అవి తీస్తే స్ప్లైన్ల (షాఫ్ట్ మీది గాడుల) మీద నుంచి వెనక్కి జారి వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టులు, వైరింగ్ సాకెట్లు, క్రాస్ మెంబర్ ఎలాగూ విప్పాలి కదా, మిగిలేది ఆ బోల్టులే. అసలు సమస్య బరువు. రెండూ కలిస్తే క్వింటాలు దగ్గరికి పోవచ్చు, అదీ సగం బరువు వెనకే. వెనక భాగం కిందికి వంగిందంటే ముందు క్లచ్ ప్లేట్‌లోకి దూరి ఉండే ఇన్‌పుట్ షాఫ్ట్ మీద మొత్తం వేలాడుతుంది. దించేటప్పుడు అట్లయితే పోయేది పాత ప్లేటే, పోనీ. ఎక్కించేటప్పుడు అయితే కొత్త ప్లేట్ హబ్ వంగుతుంది, ఆ తర్వాత క్లచ్ నేలకు తొక్కినా పూర్తిగా వదలదు, రివర్స్ వేస్తే కరకర. అడిగితే ప్లేట్ డూప్లికేట్ వచ్చింది అంటారు!

పాత జీపు:
జాక్ లేనోడి కోసం జాయింట్ విప్పాలా? గేర్‌బాక్స్ జాక్ ఉన్న షెడ్డుకు పోతే అయిపోయే పని. బెల్టు వేసి కట్టి, కింద ఇంజిన్‌కు వేరే సపోర్ట్ పెట్టి, సమంగా వెనక్కి లాగాలి.

గుంతలో మనిషి:
మన దగ్గర ఎన్ని షెడ్లలో ఉంది ఆ జాక్? గుంత మీద దుంగ, చైన్ పుల్లీ, కింద ఇద్దరు హెల్పర్ పిల్లలు, ఇంతే కదా. జారితే పడేది ఆ పిల్లల చేతుల మీద.

బొగ్గుబాయి క్యాంపర్:
భూపాలపల్లి నుంచి. మీరిద్దరూ జాక్ దగ్గరే ఆగిపోయారు. చాలా పికప్‌లలో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ వేరు, మధ్యలో ఒక సీల్. గేర్‌బాక్స్ దించకముందే బండిని సమంగా ఉన్న చోట నిలబెట్టి, చల్లారాక, రెండింటి ఫిల్లర్ బోల్టులు విప్పించు. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఆయిల్ పొంగి వస్తూ, గేర్‌బాక్స్‌లో వేలు పెడితే తగలకుండా ఉందంటే మధ్య సీల్ పోయి ఇటు ఆయిల్ అటు పోతున్నట్టు. అప్పుడు విడిగా విప్పక తప్పదు, లేకపోతే కొత్త క్లచ్ వేశాక ఆ సీల్ కోసం మళ్లీ ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాల్సి వస్తుంది. రెండూ లెవెల్‌లో ఉండి జాయింట్ పొడిగా ఉంటే నేనూ కెలకను. మా ఓపెన్‌కాస్ట్ దుమ్ములో మాత్రం ఊరికే చూస్తే ఏదీ తెలియదు, ఆయిల్ మీద దుమ్ము గట్టిపడి ఉంటుంది, డీజిల్‌తో కడిగించి కొంచెం తిప్పాక చూడాలి.

ములుగు రోడ్డు పికప్:
చూపించాను అన్నా. రెండూ లెవెల్‌లోనే ఉన్నాయి, జాయింట్ పొడిగానే ఉంది. హనుమకొండ ఆయనను జాక్ అడిగితే ట్రాలీ జాక్ ఉందన్నాడు.

గుంతలో మనిషి:
అది టైర్లు మార్చే జాక్! గుండ్రటి చిన్న గిన్నె మీద క్వింటాలు బరువు నిలబెడతాడా? అయితే నా మాటే, విడిగా విప్పించు. ప్యాకింగ్, సీల్ ఖర్చు క్లచ్ సెట్ ముందు ఎంత?

పాత జీపు:
ట్రాలీ జాక్ అయితే నేనూ వద్దంటా. కానీ విప్పితే ప్యాకింగ్ ముఖాలు స్క్రూడ్రైవర్‌తో గీకనియ్యకు, అల్యూమినియం గీతలు పడితే ఎంత గమ్ము పూసినా కారుతుంది.

బొగ్గుబాయి క్యాంపర్:
ఎవరితో చేయించినా పని మొదలు కాకముందే ఇవి మాట్లాడుకో: ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజీలకు మార్క్ పెట్టి విప్పాలి, లేకపోతే తర్వాత వైబ్రేషన్ వచ్చే అవకాశం ఉంది. రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కే బేరింగ్) కొత్తదే వేయాలి. గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే ఫ్లైవీల్ వెనక క్రాంక్ ఆయిల్ సీల్ చూడాలి, అది తడిగా ఉంటే కొత్త ప్లేట్‌కు ఆయిల్ అంటుకొని మళ్లీ జారుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఏ ఆయిల్ పోయాలో మాన్యువల్ చూసే పోయించు, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), కొన్నింటికి గేర్ ఆయిల్. బండి తీసుకునేటప్పుడు షెడ్డు ముందరి మట్టి మీదే ఫోర్ హై, ఫోర్ లో వేసి చూడు, వైరింగ్ సాకెట్ పెట్టడం మర్చిపోతే అక్కడే తెలుస్తుంది. ఆ పరీక్ష తార్ రోడ్డు మీద చేయకు.