సువ్వి పాటలు, పొడుపుకథలు, చిట్కాలు: అన్నీ కలిపి ఏమనాలి?

మా అమ్మమ్మ చెప్పేవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. దంపుళ్ళ పాటలు (వడ్లు దంచేటప్పుడు పాడే సువ్వి పాటలు), పొడుపుకథలు, సామెతలు ఉన్నాయి. వాటితోపాటు దిష్టి తీసే పద్ధతి, పసిపిల్లల కడుపునొప్పికి వాము చిట్కా కూడా ఉన్నాయి. అట్ట మీద ఏ పేరు రాయాలో తేలడం లేదు.

ఇంగ్లీషులో ఫోక్‌లోర్ అనే మాటను 1846లో విలియం థామ్స్ అనే ఇంగ్లీషు రచయిత వాడుకలోకి తెచ్చారు. దానికి మనవాళ్ళు జానపద విజ్ఞానం అంటున్నారు. జానపద సాహిత్యం అంటే పాటలు, కథల వరకే వస్తుంది, దిష్టి, వాము బయటే ఉండిపోతాయి. విజ్ఞానం అంటే సైన్సు పాఠంలా వినిపిస్తుందేమోనని నా బెంగ. జానపదం అనే మాట జనపదం (పల్లెసీమ) నుంచి వచ్చిందని తెలుసు. ఒక్క జానపదం అని రాస్తే సరిపోతుందా?

ఇంకొకటి. అమ్మమ్మ రోకలి ఎత్తినప్పుడు ‘సువ్వి’ అంటుంది, దించినప్పుడు ‘హుం’ అని ఊపిరి వదులుతుంది. సువ్వికి అర్థం ఏంటమ్మమ్మా అంటే, ‘దంచితే నీకే తెలుస్తుంది’ అంది. అది ఊపిరి చప్పుడేనా, వేరే అర్థం ఉందా? మీ ఊళ్ళో దంచేటప్పుడు ఏమనేవారు? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. అమ్మమ్మకు చదివి వినిపిస్తాను.