ఫోన్లన్నిటికీ వైఫై వస్తుంది, ల్యాప్‌టాప్ ఒక్కదానికే వస్తలేదు, జర చెప్పుండ్రి

పానగల్లు_రోడ్డు:
అన్నలూ, మాది నల్లగొండ. మొన్న ఉరుముల వానకు పాత వైఫై డబ్బా కాలిపోయింది, నెట్ పిలగాడు వచ్చి కొత్తది పెట్టి పోయిండు. పేరు, పాస్‌వర్డ్ పాతయే ఉంచిండు, మళ్ల అందరికీ చెప్పే తిప్పలు లేకుండ. ఇంట్ల నాలుగు ఫోన్లకు, టీవీకి మంచిగ వస్తుంది. ల్యాప్‌టాప్‌కే అయితలేదు. పేరు కనబడ్తది, నొక్కుతె రౌండు తిరుగుతది తిరుగుతది, లాస్టుకు కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్ అంటది. 2014ల మా తమ్ముడు బీటెక్‌ల ఉన్నప్పుడు కొన్నది, విండోస్ 10 ఉంది. పాత డబ్బాకు మాత్రం వారం కింది దాక కూడ మంచిగనే నడిచింది.
క్లాక్ టవర్ దిక్కు ఒక దుకాణంల చూపెడ్తె వైఫై కార్డు పోయింది, ఫార్మాట్ కొట్టి కార్డు మార్చాలె, 1800 అయితది అన్నడు. బిడ్డ ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలె (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నరు గాని మా నోటికి ఎంసెటే వస్తది). ఫోన్ల గన్ని కాలేజీలు ముందుకు ఎనుకకు జరుపుడు కష్టమైతుంది. కార్డు నిజంగ పోయిందా?

గుండ్లపల్లి_బుల్లెట్:
డబ్బా ఆఫ్ చేసి రెండు నిమిషాలు ఆగి ఆన్ చెయ్ అన్న

పానగల్లు_రోడ్డు:
పదిసార్లు చేసిన తమ్మీ. కరెంటోళ్లు కూడ రోజుకు రెండుసార్లు చేస్తనే ఉన్నరు.

పాలమూరు_రిపేర్:
అన్నా, ఆ 1800 ఇయ్యకు ఇప్పుడే. కార్డు పోతె పక్కింటోళ్ల పేర్లు గూడ కనబడయి, నీకు పేరు కనబడ్తుంది అంటున్నవు కద. ఫార్మాట్ అంటె చాలామందికి ఒక అలవాటైపోయింది, తెల్వకుంటె ఫార్మాట్, తెలిసినా ఫార్మాట్.
ఫస్టు ఒక పని చెయ్. నీ ఫోన్ల హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ను దానికి కలుపు. కలిసిందనుకో, కార్డు మంచిగుంది, డ్రైవర్ (కార్డును నడిపిచ్చే సాఫ్ట్‌వేర్) మంచిగుంది, లొల్లి అంత కొత్త డబ్బాకు నీ ల్యాప్‌టాప్‌కు నడుమనే. హాట్‌స్పాట్‌కు గూడ కలవకుంటె అప్పుడు ల్యాప్‌టాప్ దిక్కు చూద్దం. దానికి కలిస్తె బిడ్డ ఆప్షన్లు ఇయ్యాల్నే హాట్‌స్పాట్ మీద పెట్టియ్యి, ఆఖరి తారీఖు దాక ఆగకు, అప్పుడు సైటే తెరుచుకోదు.
రెండోది, పేరు పాతదే గాని డబ్బా కొత్తది. ల్యాప్‌టాప్‌ల పాత డబ్బా లెక్కలే సేవ్ అయి ఉంటయి, పేరు చూసి అదే అనుకొని పాత పద్ధతిలనే పోతది. వైఫై సెట్టింగ్స్‌ల మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌ల ఆ పేరు మీద ఫర్గెట్ కొట్టి, మళ్ల పాస్‌వర్డ్ కొత్తగ కొట్టి చూడు. ఫోన్లకు వస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ కరెక్టే, కొట్టేటప్పుడు క్యాప్స్ లాక్ ఒక్కటి చూసుకో.

సూర్యాపేట_హైవే:
5 గిగాహెర్ట్జ్ ప్రాబ్లం అది. వైఫై సిగ్నల్‌ల 2.4, 5 అని రెండు రకాలుంటయి. పాత ల్యాప్‌టాప్‌లకు 2.4 ఒక్కటే ఉంటది, కొత్త డబ్బాలల్ల రెండూ ఉంటయి. గోడలు దాటది కూడ 5. ల్యాప్‌టాప్ డబ్బా కాడికి తీస్కపోయి చూడు.

పాలమూరు_రిపేర్:
2.4 ఒక్కటే ఉన్న కార్డుకు 5 పేరు కనబడనే కనబడదు అన్న. కనబడ్డదంటె అది 2.4దే. పాస్‌వర్డ్ కాడనే తిరస్కరిస్తుంది. నాకు డౌటు డబ్ల్యూపీఏ3 మీద ఉంది.

పానగల్లు_రోడ్డు:
హాట్‌స్పాట్‌కు టక్కున కలిసింది!! బిడ్డ కూసొని ఆప్షన్లు పెడ్తుంది. కార్డు పోయిందని చెప్పిండు చూడు వాడు... ఫర్గెట్ కొట్టినా డబ్బాకు మాత్రం గదే కత, కాంట్ కనెక్ట్. డబ్బా పక్కన పెట్టి చూసినా అంతే. డబ్ల్యూపీఏ3 అంటె ఏంది?

పాలమూరు_రిపేర్:
పాస్‌వర్డ్‌ను దొంగలు పట్టకుండ చేసే తాళం అనుకో. డబ్ల్యూపీఏ2 2004 నుంచి ఉంది, 3 వచ్చింది 2018ల. నీ ల్యాప్‌టాప్ 2014ది, అప్పటికి ఆ తాళమే పుట్టలేదు. విండోస్ 10కు తర్వాత అప్‌డేట్ల వచ్చింది గాని విండోస్‌కు వస్తె సరిపోదు, కార్డుకు దాని డ్రైవర్‌కు గూడ రావాలె. హాట్‌స్పాట్ డబ్ల్యూపీఏ2ల ఉండొచ్చు, అందుకే కలిసింది.
ఊకె అనుకునుడెందుకు, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్ అని కొట్టి (ఎన్ ఈ టీ ఎస్ హెచ్) స్పేస్, డబ్ల్యూలాన్, స్పేస్, షో, స్పేస్, డ్రైవర్స్ అని కొట్టి ఎంటర్ చెయ్. ఆథెంటికేషన్ అని ఒక లిస్టు వస్తది, అండ్ల డబ్ల్యూపీఏ3 ఉందా లేదా చూడు.
లేకుంటె ఫోన్ వైఫై మీద ఉంచి బ్రౌజర్‌ల 192.168.1.1 కొట్టు, కొన్ని డబ్బాలకు వేరే నంబర్ ఉంటది, డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటది, యూజర్ పేరు పాస్‌వర్డ్ గూడ ఆడనే. డబ్ల్యూలాన్ అనే దాంట్ల 2.4కు సెక్యూరిటీ చూడు. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటె డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే, ఏఈఎస్ పెట్టి సేవ్ కొట్టు. రెండూ కలిపినది గూడ ఉంటది గాని కొన్ని పాత కార్డులు దానికి గూడ మొండికేస్తయి. 5కు డబ్ల్యూపీఏ3 అట్లనే ఉండనియ్యి, ఫోన్లు దాని మీదికి పోతయి.
రెండు ముచ్చట్లు మర్వకు. వ్యాన్ అని ఉన్న పేజీని ముట్టకు, ఆడ నెట్ కంపెనీ ఇచ్చిన ఐడీ ఉంటది, అది కదిలితె ఇల్లంత నెట్ బంద్. పిన్ను పెట్టి రీసెట్ బటన్ వత్తకు, ఆ ఐడీ గూడ పోతది, ఆ పిలగాడు మళ్ల వచ్చేదాక ఎదురు చూడాలె. ఇంకా, సెక్యూరిటీల ఓపెన్ (తాళమే లేనిది) గాని డబ్ల్యూఈపీ (బాగ పాత, కచ్చా తాళం) గాని పెట్టకు, గల్లీ అంత నీ నెట్ మీదనే పడ్తది.

పానగల్లు_రోడ్డు:
అయింది అన్నా!!! లిస్టుల డబ్ల్యూపీఏ2 దాకనే ఉంది. డబ్బాల 2.4కు గూడ డబ్ల్యూపీఏ3 ఎస్‌ఏఈ అని ఉండె, నువ్వు చెప్పినట్ల మార్చిన. టీవీ ఒకసారి పోయి మళ్ల వచ్చింది, ల్యాప్‌టాప్ మాత్రం పాస్‌వర్డ్ కొట్టంగనే కలిసింది. ఆ దుకాణపాయనకు పోయి చెప్దామనుకున్న గాని బిడ్డ వద్దన్నది. నువ్వు నల్లగొండ దిక్కొస్తె చాయ్ నాది.

మిర్యాల_రైస్:
అన్న, నాది ఇంకో కత, మా ల్యాప్‌టాప్‌ల మా డబ్బా పేరే కనబడ్తలేదు, పక్కింటోళ్లయి మాత్రం కనబడ్తున్నయి, ఫోన్ల మాది కనబడ్తుంది.

పాలమూరు_రిపేర్:
5 ఒక్కటే ఆన్ ఉందేమో ముందు చూడు, పేరు ఎనుక 5జీ అని ఉంటదొకోసారి. 2.4 గూడ ఆన్ ఉంటె డబ్బా సెట్టింగ్స్‌ల ఛానెల్ (సిగ్నల్ పోయే దారి నంబర్) చూడు. మన దేశంల 13 దాక పెట్టొచ్చు, కొన్ని ల్యాప్‌టాప్‌లు అమెరికా లెక్కల తయారైనయి, 11 దాటితె వాటికి కనబడదు. ఆటో తీసేసి 1 గాని 6 గాని 11 గాని పెట్టు. గప్పటికీ రాకుంటె మోడల్ నంబర్ రాసి వేరే పోస్ట్ పెట్టు, ఇండ్ల రెండు కతలు కలిస్తె నాకే తిక్క లేస్తది.