నాన్నగారికి గుండె లయ తప్పిందన్నారు, ఆస్పిరిన్ చాలదా?

కొబ్బరితోట, అంబాజీపేట మండలం:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 76 ఏళ్లు. ఇప్పటికీ తెల్లవారగానే తోటలోకి వెళతారు, దింపు రోజున కాయలు తానే దగ్గరుండి లెక్కపెట్టుకుంటారు. పోయిన నెల కంటి శుక్లానికి ఆపరేషన్ చేయిద్దామని అమలాపురం తీసుకెళ్లాను. అక్కడ ముందుగా తీసిన ఈసీజీ చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు, ఉందన్నారు. ఆయనకు దడ లేదు, ఆయాసం లేదు, తల తిరగడం లేదు. లేని జబ్బు తనకు అంటగట్టారని ఆయన కోపం.

గుండె డాక్టరుగారు ఎకో తీసి కవాటాలు బాగున్నాయన్నారు. రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. గుండె వేగం తగ్గడానికి మెటోప్రొలాల్ ఇచ్చారు. బీపీ పదేళ్లుగా ఉంది, మందు వాడుతున్నారు. చక్కెర జబ్బు లేదు. బరువు 58 కిలోలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1.

ఇంటికి వచ్చాక తలా ఒక మాట మొదలైంది. నెత్తురు పలచన చేసే మందు వేసుకుని కత్తి పట్టుకుంటే చిన్న గాయమైనా ఆగదని పక్క తోట ఆయన చెప్పారు. రోజుకో ఆస్పిరిన్ చాలు, అదీ నెత్తురు పలచన చేసేదే కదా అని మా చిన్నాన్న అంటున్నారు. పెద్ద వయసు కాబట్టి 2.5 మాత్ర వేస్తే సరిపోతుందని ఇంకొకరు. అసలు లయనే సరిచేయిస్తే ఈ మందులెందుకని హైదరాబాదు నుంచి మా తమ్ముడు. ఈ సందడిలో నాన్నగారు నాలుగు రోజులుగా మాత్ర ముట్టలేదు.

పరిశోధనలు ఏమి తేల్చాయో తెలిసినవారు దయచేసి చెప్పండి. ఆయనకు చదివి వినిపిస్తాను. భయపెడితే వినరు, లెక్క చెబితే వింటారు.

పదవీ విరమణ చేసిన నర్సు, కాకినాడ:

అమ్మా, నాలుగు రోజులు మాత్ర ఆగిన సంగతి ఈరోజే మీ డాక్టరుగారికి ఫోను చేసి చెప్పండి. నేను రాసేది ఆ తరువాత చదువుకోవచ్చు. ఈ మందు బలం ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. అంటే ఇప్పుడు నాన్నగారికి రక్షణ ఏమీ లేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్లు పనిచేశాను. దడ లేదు కనుక జబ్బు లేదు అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. ఎడమ పై గదికి ఒక పక్కన చిన్న సంచిలాంటి భాగం ఉంటుంది. పారే కాలువలో పట్టని నాచు తూము మూసిన బోదెలో పట్టినట్టు, కదలని రక్తం ఆ సంచిలో గడ్డకడుతుంది. కవాటాల జబ్బు లేనివారిలో పదింట తొమ్మిది గడ్డలు పుట్టేది అక్కడే. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ లయ తప్పినవారికి పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే చెప్పింది. మనిషికి దడ తెలుస్తోందా లేదా అన్నదాన్ని బట్టి గడ్డ ఆగదు.

ఎవరికి మందు కావాలో డాక్టర్లు పాయింట్లు కట్టి చూస్తారు. 75 దాటితే రెండు, బీపీకి ఒకటి. నాన్నగారికి మూడు వచ్చాయి. అందుకే ఆ మందు రాశారు, ఊరికే రాసింది కాదు.

ఇక ఆస్పిరిన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే పాత మందు వార్ఫరిన్. అది పనికిరాదనుకున్న 5,599 మందిలో కొందరికి ఆస్పిరిన్, కొందరికి అపిక్సబాన్ ఇచ్చి పోల్చిన అవెరోస్ అనే పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మీ ఇంట్లో వెయ్యి కాయల లెక్క అలవాటే కాబట్టి అలాగే చెబుతాను. వెయ్యి మంది ఏడాదిపాటు ఆస్పిరిన్ వేసుకుంటే 37 మందికి పక్షవాతమో, మరో చోట గడ్డ అడ్డుపడడమో జరిగింది. అపిక్సబాన్ వేసుకున్న వెయ్యి మందిలో 16 మందికి. మరి నెత్తురు కారడం? పెద్ద రక్తస్రావం ఆస్పిరిన్‌తో 12 మందికి, అపిక్సబాన్‌తో 14 మందికి. ఈ రెండంకెల మధ్య చెప్పుకోదగిన తేడా లేదని తేల్చారు. మీ చిన్నాన్నగారికి ఈ చివరి రెండంకెలు తప్పకుండా వినిపించండి. ఆస్పిరిన్ మెత్తని మందు, దానితో ఏ హానీ ఉండదు అనే నమ్మకం మన ఊళ్లలో చాలా గట్టిగా ఉంది. రక్తస్రావం దానితోనూ ఉంటుంది, కాపుదల మాత్రం బాగా తక్కువ.

సగం మోతాదు గురించి. వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు ఎక్కువ. ఈ మూడింటిలో రెండు ఉంటేనే 2.5 ఇస్తారు. నాన్నగారికి బరువు ఒక్కటే వర్తిస్తుంది. భద్రత కోసమని మనంతట మనం సగానికి తగ్గిస్తే తగ్గేది పక్షవాతం నుంచి రక్షణ.

గాయాల భయం అర్థం చేసుకోగలను. చేయి తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా గట్టిగా అదిమి పట్టాలి. కాస్త ఆలస్యంగానైనా ఆగుతుంది. తలకు దెబ్బ తగిలితే మాత్రం నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. మలం తారులా నల్లగా వచ్చినా అంతే.

మా అన్నయ్య సంగతి కూడా చెప్పాలి. ముక్తేశ్వరంలో ఉండేవారు. వార్ఫరిన్ వాడుతూ నెల నెలా రేవు దాటి కోటిపల్లి మీదుగా కాకినాడ వచ్చి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని మా ఇంట్లో భోజనం చేసి వెళ్లేవారు. ఎనిమిదేళ్ల కిందట పన్ను తీయించుకోవడానికని ఆ మాత్ర ఆపమన్నారు, ఆపారు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ నెల నేను ఊళ్లో లేను, నేనూ అడగలేదు. మూడు వారాలకు ఒక తెల్లవారుజామున లేచేసరికి కుడి చేయి లేవలేదు, మాట రాలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. నిద్రలో వచ్చింది కనుక ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవారు లేరు. ఆ తరువాత ఐదేళ్లు బతికారు. వదిన పేరు తప్ప మరో మాట పలకలేదు.

నాన్నగారికి శుక్లం ఆపరేషన్ ఉందన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ ఆపరేషన్‌కు చాలాసార్లు ఈ మందు ఆపనక్కర ఉండదు. ఒకవేళ ఆపమంటే, ఏ రోజు ఏ పూట మళ్లీ మొదలుపెట్టాలో చీటీ మీద రాయించుకోండి.

తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదు. జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేసే వైద్యం మొదలుపెడితే మేలని 2,789 మంది మీద చేసిన ఈస్ట్ అనే పరీక్ష 2020లో చూపింది. గుండె జబ్బుతో మరణం, పక్షవాతం, ఆసుపత్రిలో చేరడం వంటివి కలిపి చూస్తే అవి ఐదో వంతు తగ్గాయి. అడగవలసిన ప్రశ్నే. అయితే లయ సరిచేశారని రక్తం మందు మానేయడానికి లేదు. 2002 నాటి అఫర్మ్ పరీక్షలో పక్షవాతం వచ్చినవారిలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవారు, లేదా ఐఎన్ఆర్ చాలినంత లేనివారు. లయ కుదిరిందనుకున్నవారిలోనూ అదే జరిగింది.

మందుల షాపు, రావులపాలెం:

నర్సుగారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కోవడం, ఊళ్లో నొప్పి ఇంజెక్షన్ పొడిపించుకోవడం ఇక కుదరదు. అపిక్సబాన్‌తో పాటు అవి పడితే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. తుంటికి వేసే ఇంజెక్షన్‌తో కండలో రక్తం గూడుకట్టవచ్చు. పారాసెటమాల్ వాడవచ్చు. ఏ షాపుకు వెళ్లినా, ఎవరి దగ్గర వైద్యం చేయించుకున్నా ముందు ఈ మందు పేరు చెప్పమనండి. మా కౌంటరు దగ్గర పదిమందిలో ఎనిమిదిమంది చెప్పరు, నేనే అడుగుతాను. ఒక పూట మరిచిపోతే ఆ రోజే గుర్తు రాగానే వేసుకోవాలి. రెండు కలిపి వేసుకోకూడదు.

వైనతేయ ఒడ్డు:

నాకు 44 ఏళ్లు. ఇది చదివి నాలాంటివారు తమ మందు మార్చమంటారేమోనని రాస్తున్నాను. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాపు జ్వరం వల్ల నా గుండెలో మైట్రల్ కవాటం సన్నబడింది. లయ తప్పడం దాని వెంటే వచ్చింది. మన దేశంలోని 1,537 మంది రోగుల రిజిస్ట్రీలో దాదాపు సగం మందికి ఇలాంటి కవాటాల జబ్బే ఉంది. సగటు వయసు 55 లోపే. పెద్దవాళ్ల జబ్బని అందరూ అంటుంటే నాకు ఎంత ఒంటరిగా అనిపించేదో.

మాకు వార్ఫరిన్ లాంటి పాత మందే మేలు. ఇలాంటి కవాటాల జబ్బుతో లయ తప్పిన సుమారు 4,500 మంది మీద, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో ఇన్విక్టస్ అనే పరీక్ష చేశారు. కొత్త మందైన రివరోక్సబాన్ తీసుకున్నవారికన్నా పాత మందు తీసుకున్నవారిలో మరణాలు తక్కువని 2022లో తేలింది. అందుకే ఐఎన్ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉంచుకుంటూ నేను ఇదే వాడుతున్నాను. గోంగూర, తోటకూర మానేయమని అందరూ చెబుతారు. నా డాక్టరుగారు మానవద్దన్నారు, వారం వారం ఒకే పాటిగా తినమన్నారు. ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ ఆకుకూరే తింటే ఐఎన్ఆర్ అటూ ఇటూ అవుతుంది. ఈ రెండు ముక్కలు వంటింట్లో రాసిపెట్టుకున్నాను. మీ నాన్నగారికి కవాటాలు బాగున్నాయన్నారు కాబట్టి ఆయన దారి వేరు.

కొబ్బరితోట, అంబాజీపేట మండలం:

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టరుగారికి ఆ రోజే ఫోను చేశాను, వెంటనే మొదలుపెట్టమన్నారు. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చోబెట్టి నర్సుగారు రాసింది మొత్తం చదివాను. వెయ్యికి 37, వెయ్యికి 16 అన్నప్పుడు ఆపమని, మళ్లీ చదివించుకున్నారు. ‘ఆ పదహారుగురిలో నేను ఉండనని చెప్పగలరా?’ అని అడిగారు. చెప్పలేరు నాన్నగారూ అన్నాను. కొంతసేపు మాట్లాడలేదు. ముక్తేశ్వరం అన్నయ్యగారి సంగతి వచ్చినప్పుడు లేచి లోపలికి వెళ్లి, మాత్రల అట్ట తెచ్చుకున్నారు.

కంటి ఆపరేషన్ వచ్చే గురువారం. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని మాత్ర ఆపనక్కర లేదన్నారు. అయినా ఆ మాట చీటీ మీద రాయించుకున్నాను. నొప్పి ఇంజెక్షన్ సంగతి రావులపాలెం ఆయన చెప్పకపోతే మాకు తట్టేది కాదు. నాన్నగారు రెండు నెలలకోసారి అది వేయించుకుంటున్నారు. ఆరు నెలలకు మళ్లీ కిడ్నీ పరీక్ష, బరువు చూడాలన్నారు. తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లి లయ సరిచేసే వైద్యం గురించి అడుగుతాం.

గోడమీది క్యాలెండరులో ఒక్కో తేదీ కింద ఆయనే రెండు గీతలు గీస్తున్నారు. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే, రెండోదీ గీశానన్నారు.